కొత్త వంటగది కొలతలు, అమరికలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కొత్త వంటగది గురించే. షట్టర్లకు, అంటే అరల తలుపులకు, ఏ రంగు బాగుంటుందని చాలామంది అడిగారు. రంగు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. గట్టు ఎత్తు, నీళ్ల గొట్టం, కరెంటు తీగ, పొగ బయటికి పోయే దారి మాత్రం ఒకసారి గోడలోకి వెళ్లాక పగలగొడితే తప్ప మారవు. అందుకే ఆ ప్రశ్నలనే ముందు తీసుకున్నాం.

ప్రశ్న: మా వంటగది టైల్స్ పోను 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు ఉంటుంది. గుమ్మం 8 అడుగుల గోడ మధ్యలో ఉంది. పొడవు గోడల్లో ఒకదానికి కిటికీ ఉంది. మూడు వైపులా గట్టు వేసి ‘యు’ ఆకారంలో చేద్దామని డిజైనర్ అంటున్నారు. మా ఇంట్లో ఎప్పుడూ ఇద్దరు కలిసి వంట చేస్తారు. ఏది మేలు?

జవాబు: ముందు నడిచే చోటు లెక్క చూడండి. 8 అడుగులంటే 96 అంగుళాలు. అటూ ఇటూ 25 అంగుళాల చొప్పున గట్లు వేస్తే మధ్యలో మిగిలేది 46. రెండు వైపులా హ్యాండిళ్లు అంగుళం చొప్పున ముందుకు వస్తాయి కాబట్టి నికరంగా 44. ఒక్కరు పనిచేసే వంటగదికి 42 అంగుళాలు చాలు. ఇద్దరు వీపులు తగలకుండా తిరగాలంటే 48 కావాలి. పైగా ‘యు’లో రెండు మూలలు చేతికి అందకుండా పోతాయి. మీ గదికి, మీ ఇద్దరికి అది నప్పదు.

కిటికీ ఉన్న పొడవు గోడకూ, గుమ్మానికి ఎదురుగా ఉన్న పొట్టి గోడకూ కలిపి ‘ఎల్’ ఆకారంలో గట్టు వేయండి. మిగిలిన పొడవు గోడకు 15 అంగుళాల లోతుతో నేల నుంచి పైదాకా అరలు పెట్టండి. అప్పుడు మధ్యలో 56 అంగుళాలు దొరుకుతుంది. తక్కువ లోతున్న అరల్లో డబ్బా వెనక డబ్బా దాక్కోదు. సామాన్లకు ఇంతకన్నా మంచి చోటు లేదు.

ఇప్పుడు వస్తువుల వరుస. కిటికీ గోడ మీద గుమ్మం వైపు నుంచి మొదట 24 అంగుళాలు కడిగిన గిన్నెలు ఆరబెట్టడానికి, తర్వాత 32 అంగుళాల సింకు అర. అక్కడి నుంచి లోపలి మూల వరకు 39 అంగుళాల ఖాళీ గట్టు మిగులుతుంది. కోసుకోవడం, కలుపుకోవడం అంతా జరిగేది ఇక్కడే. సింకు పక్కన అడ్డం లేకుండా కనీసం 36 అంగుళాలు ఉండాలన్నది వంటగది ప్లానులో అన్నిటికన్నా ముఖ్యమైన నియమం. పొయ్యి పొట్టి గోడ మీద: లోపలి మూల నుంచి 15 అంగుళాలు వదిలి, 30 అంగుళాల హాబ్ (గట్టులో బిగించే పొయ్యి), ఆపైన 26 అంగుళాల గట్టు. పొయ్యికి రెండు పక్కలా వేడి గిన్నె దించుకునే చోటు లేకపోతే దాన్ని పట్టుకుని నడవాల్సి వస్తుంది. కాలిన గాయాలు అయ్యేది అలాంటప్పుడే.

ఫ్రిజ్‌ని అరల గోడ మొదట్లో, గుమ్మం పక్కన పెట్టండి. మంచినీళ్ల కోసం వచ్చేవాళ్లు వంట చేసేవాళ్ల మధ్యలోకి రానక్కర్లేదు. ఫ్రిజ్ ముందు మాత్రం 41 అంగుళాలే ఉంటుంది. అక్కడ ఎవరూ నిలబడి పనిచేయరు కాబట్టి ఫర్వాలేదు. దాని తలుపు గోడ వైపుకు తెరుచుకునేటట్లయితే గోడకూ దానికీ మధ్య 3, 4 అంగుళాల ఎడం వదలండి. లేకపోతే తలుపు సగమే తెరుచుకుని లోపలి ట్రేలు బయటికి రావు. గుమ్మం తలుపు లోపలికి కాకుండా బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకు జరగాలి.

సింకు, పొయ్యి, ఫ్రిజ్ మూడింటి మధ్య దూరాలు ఒక్కోటి 4 నుంచి 9 అడుగులు, మొత్తం 13 నుంచి 26 అడుగులు ఉండాలన్నది పాత లెక్క. పైన చెప్పిన అమరికలో ఆ మొత్తం దాదాపు 16 అడుగులు వస్తుంది. ఈ లెక్కనే పట్టుకుని వేలాడకండి. అది ఒక్కరే వంట చేసే ఇంటిని మనసులో పెట్టుకుని వేసిన లెక్క. ఇద్దరున్న ఇంట్లో ఒకరు సింకు దగ్గర, ఒకరు పొయ్యి దగ్గర ఉన్నప్పుడు ఒకరి దారికి ఒకరు అడ్డం రాకపోవడమే అసలు పరీక్ష. ప్లాను గీసిన కాగితం మీద ప్రతి తలుపూ, ప్రతి సొరుగూ తెరిచి ఉన్నట్టు చుక్కల గీతలు గీయించండి. గిన్నెలు కడిగే యంత్రం మూత కిందికి వాలితే గట్టు ముందుకు మరో 24 అంగుళాలు వస్తుంది. మీ గదిలో దాన్ని సింకుకు ఫ్రిజ్ వైపున పెడితే, మూత తెరిచినప్పుడు నడవడానికి 17 అంగుళాలే మిగులుతుంది. సింకుకు రెండో పక్కన, కోసుకునే గట్టు కింద పెడితే 32 అంగుళాలు ఉంటుంది. చుక్కల గీతలు చూపించేది ఇలాంటివే.

ప్రశ్న: నా ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. మా అత్తగారు 5 అడుగులే. గట్టు ఎవరి ఎత్తుకు కట్టించాలి?

జవాబు: చెప్పులు లేకుండా నిటారుగా నిలబడి మోచేయి వంచండి. నేల నుంచి మోచేతి దాకా కొలవండి. అందులోంచి 4 నుంచి 6 అంగుళాలు తీసేస్తే అదే మీ గట్టు ఎత్తు. ఆవిడకు అది 32 నుంచి 34 మధ్య, మీకు 36 అటూ ఇటూగా వస్తుంది. గట్టు ఎత్తైతే భుజాలు పైకి లేపి కోయాలి, తక్కువైతే నడుము వంచాలి. రెండింటిలో నడుము వంచేదే ఎక్కువ బాధిస్తుంది.

గట్టంతా ఒకే ఎత్తు ఉండాలని ఎక్కడా లేదు. పొయ్యి దగ్గర గిన్నె అంచు గట్టు కన్నా 6, 8 అంగుళాలు పైకి ఉంటుంది, లోపల ఏముందో చూడాలి, కలపాలి. కాబట్టి పొయ్యి గట్టు తక్కువ ఎత్తులో ఉండొచ్చు. సింకు దీనికి రివర్సు. 9 అంగుళాల లోతున్న సింకులో చెయ్యి పనిచేసేది గట్టు కన్నా 9 అంగుళాలు కింద. కాబట్టి సింకున్న గోడకు 36, పొయ్యి గోడకు 33 పెట్టుకుని, మూల దగ్గర మెట్టులా దించండి. మెట్టు వద్దనుకుంటే మొత్తం 34 కట్టించి, మీరు కోసేటప్పుడు 2 అంగుళాల మందం చెక్క వాడండి. పొట్టివాళ్లు పీట ఎక్కి వంట చేయడం మాత్రం ఏ పరిస్థితుల్లోనూ వద్దు. పీట మీంచి కాలు జారితే చెయ్యి పోయేది పొయ్యి మీదికే.

గట్టు కింద పాదాలు దూరేలా 4 అంగుళాల ఎత్తు, 3 అంగుళాల లోతు ఖాళీ వదలండి. ఇది లేకపోతే ఎంత సరైన ఎత్తు కట్టినా మనిషి గట్టుకు దూరంగా నిలబడి ముందుకు వంగాల్సిందే.

ప్రశ్న: పాత ఇంట్లో సింకు కింది అర రెండేళ్లకే ఉబ్బి, నల్లబడి, వాసన వచ్చింది. ఈసారి ప్లైవుడ్ పెడితే సరిపోతుందా?

జవాబు: ప్లైవుడ్ మంచిదే, అందులోనూ మరిగే నీటిని తట్టుకునే రకమే సింకు కింద వాడాలి. మామూలు పార్టికిల్ బోర్డు (చెక్కపొట్టును జిగురుతో అదిమిన పలక), ఎండీఎఫ్ (చెక్కపీచుతో చేసిన అలాంటి పలక) నీళ్లు తాగితే ఉబ్బుతాయి, ఆరినా పాత మందానికి రావు. కానీ పలక మార్చినంత మాత్రాన సమస్య పోదు. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడాలి.

చాలామంది గొట్టం కారిందనుకుంటారు. ఎక్కువసార్లు కారణం గట్టు ముందంచు. గిన్నె కడిగి పక్కన పెట్టగానే నీటి బొట్టు రాయి అంచు మీదికి జారుతుంది. అక్కడితో కింద పడిపోదు. రాతిని అంటిపెట్టుకుని అడుగువైపుకు తిరిగి, లోపలికి పాకి, షట్టర్ పై అంచును చేరుతుంది. అక్కడే పలక కోసిన ముఖం ఉంటుంది, నీళ్లు పీల్చేది అదే. దీన్ని ఆపడానికి రాయి అడుగున, ముందంచు నుంచి అర అంగుళం లోపలికి, పెన్సిల్ పట్టేంత సన్నని గాడి కోయించాలి. పాకుతూ వచ్చిన బొట్టు గాడి అంచు దగ్గర ఆగి, బరువెక్కి నేల మీద పడుతుంది. గాడి సింకు ముందు అంతటా తెగకుండా ఉండాలి. రాయి షట్టర్ కన్నా కనీసం అంగుళం ముందుకు రావాలి. రాయి బిగించాక ఈ గాడి కోయడం చాలా కష్టం, కాబట్టి రాయి కోసేవాళ్లకు ముందే చెప్పండి.

ఇక అరలో గొట్టాల కోసం వేసిన కన్నాలు. వాటి లోపలి అంచు పచ్చిగా ఉంటుంది. వార్నిష్ రెండు పూతలు పూసి, గొట్టం చుట్టూ సిలికాన్ నింపాలి. పలక అంచులన్నిటికీ, కనిపించని వెనక అంచుకు కూడా, ఎడ్జ్ బ్యాండ్ (అంచును కప్పే సన్నని పట్టీ) వేడి జిగురుతో అతికించాలి. అర అడుగున అల్యూమినియం ట్రే పరిస్తే చిన్న కారుడు వెంటనే కంటపడుతుంది. అర నేలను తాకకూడదు, ప్లాస్టిక్ కాళ్ల మీద నిలబడాలి. గట్టు, గోడ కలిసే చోట టైల్ పాయింటింగ్ సిమెంటు వాడకండి. గట్టు కొద్దిగా కదిలినా అది పగులుతుంది. అక్కడ సిలికానే ఉండాలి.

లోతైన సింకు కొనే ఆలోచన ఉంటే గోడలోని డ్రైన్ గొట్టం ఎత్తు ఇప్పుడే చూసుకోండి. సింకు అడుగు, దాని కింద నీళ్లు నిలిచే వంపు గొట్టం, ఆ తర్వాతే గోడ గొట్టం. వంపు గోడ గొట్టం కన్నా మరీ కిందికి దిగిపోతే నీళ్లు పూర్తిగా పోవు. నేల నుంచి 16 అంగుళాల లోపు పెట్టించుకుంటే ఏ సింకుకైనా ఇబ్బంది రాదు. వేడినీటికి, చన్నీటికి వేరువేరుగా నీళ్లు ఆపేసే వాల్వులు పెట్టించి, అర తెరవగానే చెయ్యి అందేలా చూడండి.

ప్రశ్న: కింద తలుపుల అరలా, సొరుగులా?

జవాబు: సింకు కింద తప్ప మిగతా అంతా సొరుగులే పెట్టండి. అరలో వెనకాల పెట్టిన గిన్నె కోసం మోకాళ్ల మీద కూర్చోవాలి. సొరుగు అయితే మొత్తం మీ ముందుకు వస్తుంది. ఖర్చు ఎక్కువే, కానీ రోజూ వాడేదాని మీద పెట్టిన ఖర్చు వృథా కాదు.

28 అంగుళాల ఎత్తున్న అర పెట్టెలో మూడు సొరుగులు వస్తాయి: పైది ఐదున్నర, కింది రెండూ 11 అంగుళాల చొప్పున. పైన గరిటెలు, మధ్యలో చిన్న గిన్నెలు, అడుగున కుక్కర్, పెద్ద గిన్నెలు. ఛానెళ్లు (సొరుగు జరిగే పట్టాలు) పూర్తిగా బయటికి వచ్చే రకం అడగండి. ముప్పావు వంతే వచ్చేవాటిలో వెనక భాగం చీకట్లో ఉండిపోతుంది. మామూలు ఛానెల్ జత 30 నుంచి 40 కిలోలు మోస్తుంది. 3 అడుగుల వెడల్పు సొరుగులో బరువైన గిన్నెలు పెడితే 50 కిలోలు మోసేది కావాలి. బరువు తట్టుకోలేని ఛానెల్ ఒక్కసారిగా విరగదు. మొదట సొరుగు ముందు భాగం నాలుగైదు మిల్లీమీటర్లు కిందికి వాలుతుంది, తర్వాత పక్క సొరుగును ఒరుసుకుంటుంది. వాలడం కనిపించగానే బరువు తగ్గించండి.

తలుపులున్న చోట కీళ్ల సంఖ్య ఎత్తును బట్టి: 35 అంగుళాల వరకు రెండు, 63 వరకు మూడు, 79 వరకు నాలుగు. కీలు కూర్చునే గుంత 35 మిల్లీమీటర్ల వెడల్పుతో, తలుపు అంచు నుంచి 3 నుంచి 6 మిల్లీమీటర్లు వదిలి కోయాలి. అంతకన్నా అంచుకు జరిగితే ఆ సన్నని గోడ కొన్నాళ్లకు పగులుతుంది.

ప్రశ్న: మూల అరలో తిరిగే ట్రేలు పెట్టించాలా?

జవాబు: తిరిగే ట్రేలు చూడ్డానికి బాగుంటాయి. వాటి చుట్టూ పోయే చోటు, ట్రే వెనక్కి పడిపోయే చిన్న డబ్బాలు కలిపి చూస్తే, మూలను మూసేసి రెండు పక్కలా వెడల్పు సొరుగులు పెట్టుకోవడమే మా సలహా. మూసినా, తెరిచినా, మూలకు రెండు వైపులా 2 నుంచి 3 అంగుళాల పట్టీ తప్పనిసరి. అది లేకపోతే ఒక సొరుగు లాగితే పక్క గోడ సొరుగు హ్యాండిల్‌కు తగులుతుంది. ఇది అన్నీ బిగించిన రోజున గానీ బయటపడని తప్పు.

ప్రశ్న: చిమ్నీ ఎంత శక్తి ఉన్నది కొనాలి? గొట్టం బయటికి తీయాలా, ఫిల్టర్‌తో గాలి లోపలికే వదిలేది సరిపోతుందా?

జవాబు: గది ఘనపరిమాణాన్ని 10 నుంచి 15తో హెచ్చవేయండి. 10 అడుగుల పొడవు, 8 వెడల్పు, 10 ఎత్తు ఉన్న గది దాదాపు 23 ఘనపు మీటర్లు. గంటకు 230 నుంచి 345 ఘనపు మీటర్ల గాలి బయటికి పోవాలి. పెట్టె మీద రాసే అంకె గొట్టం అడ్డులేనప్పటిది. గొట్టం తగిలించాక తగ్గుతుంది. అందుకే 500 నుంచి 700 చాలు, వేపుళ్లు ఎక్కువైనా సరే. అంతకు రెట్టింపు అంకె మోత పెంచుతుంది తప్ప వేరే మేలు చేయదు.

శక్తి కన్నా గొట్టమే ముఖ్యం. చిమ్నీకి 6 అంగుళాల మూతి ఉంటే గొట్టం చివరిదాకా 6 అంగుళాలే ఉండాలి. గోడలో 4 అంగుళాల కన్నమే ఉందని మధ్యలో తగ్గిస్తే దారి సగానికన్నా చిన్నదైపోతుంది. గాలి వెనక్కి కొడుతుంది, నూనె మోటారు మీద పేరుకుంటుంది. వంపులు వీలైనంత తక్కువ ఉండాలి. మలుపు తప్పనప్పుడు ఒక 90 డిగ్రీల మలుపు బదులు రెండు 45 డిగ్రీల మలుపులు తిప్పండి. ముడతల గొట్టం వాడితే బిగుతుగా లాగి కట్టాలి. గ్యాస్ పొయ్యి పైన 26 నుంచి 30 అంగుళాల ఎత్తులో చిమ్నీ ఉండాలి, కంపెనీ పుస్తకంలో వేరే ఎత్తు చెబితే అదే పాటించండి. వెడల్పు పొయ్యితో సమానంగానో, కాస్త ఎక్కువగానో ఉండాలి.

బొగ్గు ఫిల్టర్‌తో గాలిని లోపలికే తిప్పేది వాసనను కొంత తగ్గిస్తుంది. ఆవిరి, వేడి గదిలోనే ఉండిపోతాయి. బయటి గోడ ఉన్నప్పుడు దాన్ని ఎంచుకోకండి. ఇంకో మాట: బయటికి పోయిన గాలికి సమానంగా గాలి లోపలికి రావాలి. తలుపులు, కిటికీలు అన్నీ బిగించి చిమ్నీ వేస్తే అది గాలి దొరక్క మూలుగుతుంది. కిటికీ రెండు వేళ్ల సందు తెరిచినా చాలు.

గ్యాస్ సిలిండర్ అరలో పెట్టేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన విషయం: ఎల్‌పీజీ గాలి కన్నా బరువైనది, కారితే నేల మీద పరుచుకుంటుంది. కాబట్టి ఆ అరకు నేలను ఆనుకుని బయటికి గాలి పోయే కన్నం ఉండాలి. పైన పెట్టిన జాలీ ఈ పనికి రాదు.

ప్రశ్న: ఎన్ని ప్లగ్ పాయింట్లు పెట్టించాలి?

జవాబు: పాయింట్ల సంఖ్య ఆలోచించే ముందు యంత్రాల జాబితా రాయండి, ఇంకో ఐదేళ్లకు కొనబోయేవి కూడా. ఓవెన్, గిన్నెలు కడిగే యంత్రం, ఇండక్షన్ హాబ్ ఒక్కోదానికి ఒక్కో ప్రత్యేక సర్క్యూట్ కావాలి. నాలుగు వలయాల ఇండక్షన్ హాబ్ ఒక్కటే 7 కిలోవాట్ల దాకా లాగుతుంది, అంటే 230 వోల్టుల దగ్గర 30 ఆంపియర్లు. ఫ్రిజ్‌కు కూడా విడిగా ఇవ్వండి. మిక్సీ లోపంతో బ్రేకర్ పడి, మీరు ఊళ్లో లేనప్పుడు ఫ్రిజ్ ఆగిపోకూడదు. మొత్తానికి 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్ (ఆర్‌సీసీబీ) ఉండాలి. వైరు మందం ఎలక్ట్రీషియన్ లోడును, దూరాన్ని బట్టి నిర్ణయిస్తారు. మీ జాబితా ఇవ్వకపోతే ఆయన అంచనా వేయాల్సి వస్తుంది.

గట్టు పైన ప్రతి 4 అడుగులకూ ఒక జంట పాయింట్, గట్టుకు 6 నుంచి 8 అంగుళాల పైన, సింకు అంచుకు కనీసం అడుగు దూరంలో. లోపల బిగించే యంత్రాల ప్లగ్ ఆ యంత్రం వెనక పెట్టొద్దు, పక్క అరలో ఉండాలి. వెనక పెడితే యంత్రం లోపలికి సర్దుకోదు, ప్లగ్ తీయాలంటే యంత్రాన్నే బయటికి లాగాలి.

లైటు సంగతి. గది మధ్యలో ఒక్క లైటు ఉంటే మీ నీడ మీ కత్తి మీదే పడుతుంది. పై అరల అడుగున, ముందంచుకు దగ్గరగా ఎల్‌ఈడీ పట్టీ బిగించండి. వెనక గోడ దగ్గర పెడితే గోడే వెలుగుతుంది గానీ గట్టు ముందు భాగం చీకటిగా ఉంటుంది.

ప్రశ్న: క్వార్ట్జ్ గట్టు మీద వేడి గిన్నె పెట్టొచ్చా?

జవాబు: వద్దు. అందులో రాతిపొడిని పట్టి ఉంచేది రెసిన్. 150 డిగ్రీలు దాటితే మచ్చ పడొచ్చు, పగలొచ్చు. వేపుడు నూనె వేడి 180 దగ్గర ఉంటుంది. గ్రానైట్ వేడిని బాగా తట్టుకుంటుంది, కానీ మరకలు పీల్చకుండా సీలర్ పూయాలి. పాలరాతి మీద నిమ్మరసం పడితే మెరుపు పోతుంది, వంటగదికి అది పనికిరాదు.

ప్రశ్న: గోడలకు ఇంకా టైల్స్ వేయలేదు. కార్పెంటర్ కొలతలు తీసుకుని అరలు మొదలుపెడతానంటున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోకండి. ప్లాస్టరు, టైల్ కలిసి ఒక్కో గోడకు ముప్పావు అంగుళం నుంచి ఒకటిన్నర దాకా తినేస్తాయి. యంత్రాల మోడళ్లు ఖాయం, గొట్టాలు, తీగలు, గోడలు, నేల, ఆ తర్వాతే కొలతలు. ప్రతి గోడనూ మూడు ఎత్తుల్లో కొలవాలి: నేల దగ్గర, గట్టు దగ్గర, పై అరల దగ్గర. మూడింటిలో తక్కువ వచ్చిందే లెక్క. మూలమట్టం చూడ్డానికి మూల నుంచి ఒక గోడ మీద 3 అడుగులు, రెండో గోడ మీద 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య కొలవండి. 5 అడుగులు రావాలి. అర అంగుళం తేడా ఉన్నా గట్టు వెనక సందు కనబడుతుంది. అందుకే అరల మొత్తం వెడల్పును గోడ కన్నా ఒక అంగుళం తక్కువ చేసి, మిగిలిన సందును గోడ వంకరకు తగ్గట్టు చెక్కిన పట్టీతో మూయమనండి. అరలన్నీ బిగించి రసమట్టం చూశాకే రాయి కొలత తీసుకోవాలి.

అన్నీ బిగించాక కార్పెంటర్‌ను, ప్లంబర్‌ను పంపించేముందు ఒక్క పని చేయండి. సింకు కింద ప్రతి జాయింటు చుట్టూ పొడి టిష్యూ కాగితం చుట్టండి. సింకు అంచుదాకా నీళ్లు నింపి ఒక్కసారిగా వదలండి. గంట తర్వాత కాగితాలు ఒక్కొక్కటీ విప్పి చూడండి. ఎక్కడ తడిసిందో అక్కడే బిగించాలి.